ఉప్పుకాగితం పక్కన పెట్టండి: టెస్ట్ ఫిక్చర్ పిన్నుల శుభ్రత గురించి

ప్రశ్న: సార్, నమస్తే. డిప్లొమా చేసి చర్లపల్లిలో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్‌లో టెస్ట్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మేం ఎల్‌ఈడీ వీధిదీపాల డ్రైవర్ బోర్డులు తయారు చేస్తాం. సోల్డరింగ్ అయ్యాక బోర్డును పిన్నుల ఫిక్చర్ (స్ప్రింగు పిన్నులు బోర్డుకు తగిలేలా చేసిన చట్రం) మీద పెట్టి టెస్ట్ చేస్తాం. కొన్నాళ్లుగా మంచి బోర్డులు కూడా ఫెయిల్ అంటోంది. తీసి మళ్లీ పెడితే పాస్. 10 ఓమ్‌ల రెసిస్టర్‌ను ఒకసారి 11 అని, ఒకసారి 12 అని చూపిస్తోంది. 10 కిలో ఓమ్‌లవి మాత్రం బాగానే వస్తున్నాయి. మా సూపర్‌వైజర్ గారు 400 నంబరు ఎమెరీ పేపర్‌తో పిన్నుల మొనలు రుద్ది, పైనుంచి ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పోసి కడగమంటారు. కడిగిన పూట బాగుంటుంది, సాయంత్రానికి మళ్లీ మొదలు. చిప్ ఫ్యాక్టరీల్లో కూడా ప్రోబ్ మొనల్ని రాపిడి షీటు మీదే శుభ్రం చేస్తారని ఆయన ఒక వీడియో చూపించారు. అసలు పద్ధతి ఏమిటి? ఎన్నాళ్లకోసారి చేయాలి? ఇంకో చిన్న సందేహం: మొబైల్ రిపేర్ షాపు నడిపే మా తమ్ముడి మల్టీమీటర్ ప్రోబ్‌లకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా?

జవాబు: అమ్మా, 10 ఓమ్‌లది తప్పు చూపిస్తోంది, 10 కిలో ఓమ్‌లది సరిగ్గా చూపిస్తోంది అని రాశారు చూడండి, జబ్బేమిటో ఆ ఒక్క మాటలోనే ఉంది. మీ బోర్డు బాగానే ఉంది, టెస్టర్ కూడా బాగానే ఉంది. బోర్డుకీ టెస్టర్‌కీ మధ్య ఉన్న పిన్ను దగ్గర ఒకటి రెండు ఓమ్‌ల అడ్డు చేరింది. 10 ఓమ్‌లకు ఒకటిన్నర ఓమ్ కలిస్తే 15 శాతం తేడా, బోర్డు ఫెయిల్. అదే ఒకటిన్నర ఓమ్ 10 కిలో ఓమ్‌లకు కలిస్తే 0.015 శాతం, ఎవరికీ కనపడదు. పిన్నులు మురికి పట్టినప్పుడు ముందుగా తక్కువ విలువ రెసిస్టర్ల దగ్గరే బయటపడేది ఇందుకే. కొత్త పిన్ను మొన నుంచి వైరు దాకా ఉండే అడ్డు కొన్ని పదుల మిల్లీఓమ్‌లకు మించదు. కాబట్టి మీ ఫిక్చర్‌లో ఆ అడ్డు ఎన్నో రెట్లు పెరిగిందన్నమాట.

ఎందుకు పెరిగింది? రెండు కారణాలు ఉంటాయి, రెండూ కలిసే పనిచేస్తాయి. మొదటిది ఫ్లక్స్, అంటే సోల్డర్ బాగా అంటుకోవడానికి పూసే పదార్థం. మీలాంటి యూనిట్లలో ఇప్పుడు ఎక్కువగా వాడేది నో-క్లీన్ ఫ్లక్స్. సోల్డరింగ్ తర్వాత కడగక్కర్లేకుండా బోర్డు మీదే వదిలేస్తారు. మిగిలిన ఆ పొర కరెంటును పోనివ్వదు, అందుకే బోర్డుకు హాని లేదు. సరిగ్గా ఆ గుణమే పిన్నుకు శత్రువు. రెండోది సోల్డర్‌లో ఉండే తగరం. పిన్ను మొన సోల్డర్‌లో గుచ్చుకున్న ప్రతిసారీ కంటికి కనపడనంత తగరం మొనకు అంటుకుంటుంది. బంగారం గాలికి మారదు గానీ దాని మీద చేరిన తగరం మారుతుంది, ఆక్సైడ్ పొర కడుతుంది. దాని మీద మళ్లీ తగరం, మళ్లీ ఆక్సైడ్. భూతద్దంలో చూస్తే బంగారు రంగు మొనకు బూడిదరంగు టోపీ పెట్టినట్టు కనపడేది ఇదే. అందులో ఫ్లక్స్ జిగురు కలిసి, బోర్డు అంచుల నుంచి రాలిన గాజునార దుమ్ము కూడా అతుక్కుంటే ఇక చెప్పేదేముంది.

ఇప్పుడు ఎమెరీ పేపర్ సంగతి. మీ పిన్నుల్లో లోపలి లోహం సాధారణంగా బెరీలియం కాపర్ గానీ గట్టి ఉక్కు గానీ అయి ఉంటుంది. దాని మీద నికెల్ పూత, ఆపైన బంగారు పూత. ఆ బంగారం మందం మామూలుగా ఒకటి రెండు మైక్రాన్లకు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మించదు. మీరు వాడుతున్న 400 నంబరు కాగితం మీది రవ్వ ఒక్కొక్కటీ సుమారు 35 మైక్రాన్లు. ఒక్కసారి గట్టిగా రుద్దితే మురికితో పాటు బంగారమూ పోతుంది. రెండు మూడు సార్లకు నికెల్ కూడా పోయి లోపలి లోహం బయటపడుతుంది. అప్పుడే గీకిన లోహం కాబట్టి తళతళలాడుతుంది, ఆ పూట కాంటాక్ట్ కూడా బాగానే ఇస్తుంది. కానీ ఆ గీతలు పడిన గరుకు ముఖానికి తగరం, ఫ్లక్స్ మునుపటికంటే సులువుగా పట్టుకుంటాయి. లోహానికి తుప్పు, కిలుము కూడా తోడవుతాయి. పైగా ఫ్లక్స్ పొరను చీల్చాల్సిన మొన మొద్దుబారిపోతుంది. రుద్దిన కొద్దీ ఇంకా ఇంకా రుద్దాల్సి రావడం అందుకే.

ఇంకో విషయం, ఇది మీ ఆరోగ్యానికి సంబంధించింది. బెరీలియం ఉన్న లోహాన్ని రుద్దినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. దీర్ఘకాలం పీల్చితే నయం కాని ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. మీ యూనిట్‌లో ఇంకా సీసం కలిసిన సోల్డర్ వాడుతుంటే ఆ దుమ్ములో సీసం కూడా ఉంటుంది. ఒక ఫిక్చర్ మీద లేచే దుమ్ము కొంచెమే కావచ్చు. కానీ అవసరమే లేని పని కోసం ఆ కొంచెం మాత్రం మీరెందుకు పీల్చాలి? ఉప్పుకాగితాన్ని ఈ రోజే టెస్ట్ బెంచీ మీంచి తీసేయండి. ఫైబర్‌గ్లాస్ పెన్ బ్రష్ కూడా వద్దు. దాని నారలు విరిగి పిన్నుల్లోకి, మీ వేళ్లలోకి దిగుతాయి.

ఐపీఏ పోయడం దానికంటే మెల్లగా చేసే నష్టం. పిన్ను లోపల ఏముందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. పైకీ కిందికీ కదిలే కడ్డీ ఒకటి, అది జారే సన్నటి గొట్టం ఒకటి, లోపల స్ప్రింగు. ఈ మొత్తం పిన్ను వైరు కట్టిన సాకెట్లో కూర్చుంటుంది. కరెంటు మొన నుంచి కడ్డీకి, కడ్డీ పక్క నుంచి గొట్టం లోపలి గోడకి, అక్కడి నుంచి సాకెట్‌కి, తర్వాత వైరుకి పోతుంది. అంటే మొన దగ్గర ఎంత ముఖ్యమో, గొట్టం లోపల కడ్డీ రాసుకునే చోట కూడా కాంటాక్ట్ అంతే ముఖ్యం. ఐపీఏ పైనుంచి పోస్తే ఏమవుతుంది? మొన మీది ఫ్లక్స్ కరుగుతుంది. కరిగింది ఎక్కడికీ పోదు, ఐపీఏతో పాటు గొట్టంలోకి దిగుతుంది. ఐపీఏ ఆరిపోతుంది, ఫ్లక్స్ మాత్రం లోపల వార్నిష్‌లా గట్టిపడుతుంది. తయారీలో వేసిన సన్నటి లూబ్రికెంట్ ఉంటే అదీ కొట్టుకుపోతుంది. పొద్దున మొన శుభ్రంగా ఉంది కాబట్టి పాస్. మధ్యాహ్నానికి కడ్డీ బిగుసుకుని పూర్తిగా పైకి లేవదు, సాయంత్రానికి ఫెయిల్. మీరు రాసిన లక్షణాలకు ఇది అచ్చంగా సరిపోతోంది.

మరి ఎలా శుభ్రం చేయాలి? పొడిగా, మెత్తగా, తరచుగా. టెస్టర్ పవర్ ఆపండి, చేతికి గ్రౌండ్ పట్టీ వేసుకోండి. ఫిక్చర్ మీద నుంచి బోర్డు, పై ప్లేటు తీసేయండి. మీది చిన్న ఫిక్చరే అయితే ఇద్దరు కలిసి పిన్నులు పక్కకి లేదా కిందికి చూసేలా వంచి పట్టుకోండి. రాలిన మురికి గొట్టాల్లో పడకుండా నేల మీద పడాలి. స్టాటిక్ (రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు) పుట్టించని మెత్తటి బ్రష్‌తో, అడుగు నుంచి మొన వైపుకు, తేలిగ్గా దులపండి. పక్కకి బలంగా తోమితే సన్నటి కడ్డీలు వంగుతాయి. అవే తర్వాత గొట్టాన్ని ఒక పక్కనే అరగదీస్తాయి. రెండో చేత్తో వాక్యూమ్ గొట్టం దగ్గరగా పట్టుకుని రాలిందంతా లాగేయండి. వాక్యూమ్ కూడా స్టాటిక్‌కు తగినదై ఉండాలి. ఇల్లు ఊడ్చే మామూలు వాక్యూమ్ ప్లాస్టిక్ ముక్కు దగ్గరే బోలెడు స్టాటిక్ పుడుతుంది. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టకండి. మురికిని అది బయటికి తోసినంతగా లోపలికీ తోస్తుంది. చిన్న యూనిట్లలో ఆ లైన్లో నూనె, నీటి తుంపర కూడా వస్తుంటాయి.

ఇంత చేసినా ఒక్కో పిన్నుకు బూడిద టోపీ వదలకపోతే ఆ పిన్నును సాకెట్ నుంచి బయటికి లాగండి. మొన కిందికి ఉండేలా పట్టుకుని, నూలు రాలని స్వాబ్‌ను ఐపీఏతో కొద్దిగా తడిపి మొనను మాత్రం తుడవండి. ఆరేదాకా అలాగే కిందికే ఉంచండి. ఐపీఏ సుమారు 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మంటపుట్టే ఆవిరి ఇస్తుంది, హైదరాబాద్‌లో చలికాలం పగటి వేడి కూడా అంతకంటే ఎక్కువే. కాబట్టి తడి ఉండగా వాక్యూమ్ పెట్టకండి, మోటారు నిప్పురవ్వ చాలు. అలా తుడిచినా పోకపోతే ఆ పిన్నును మార్చేయండి. నా అభిప్రాయం స్పష్టంగా చెప్తున్నాను: ఉప్పుకాగితం పెట్టాల్సిన స్థితికి వచ్చిన పిన్ను శుభ్రం చేయాల్సిన పిన్ను కాదు, మార్చాల్సిన పిన్ను. వైరును కదపకుండా పిన్ను ఒక్కటే మార్చుకోవడానికే సాకెట్ పెట్టారు. కొత్తది దించేటప్పుడు మొనను కటింగ్ ప్లయర్‌తో పట్టుకోకండి, దానికోసం ఉండే దించే సాధనం వాడండి. డబ్ల్యూడీ-40 లాంటివి ఏవీ కొట్టొద్దు, దుమ్మంతా వచ్చి అంటుకుంటుంది.

బ్రష్ చేశాక రెండు నిమిషాలు పరీక్షకు కేటాయించండి. కళ్లను పిన్నుల మట్టానికి దించి, వెనక తెల్ల కాగితం పెట్టి పక్క నుంచి చూడండి. ఒకే రకం మొనలన్నీ ఒకే గీత మీద ఉండాలి. ఒకటి తగ్గి కనపడితే అది ఇరుక్కుపోయిందని అర్థం. తర్వాత చదునైన ప్లాస్టిక్ కడ్డీతో వరసగా నొక్కి వదలండి. టక్కున లేవాలి. బద్ధకంగా లేచేది, సగంలో ఆగేది, నొక్కితే కరకరమనేది ఏదైనా ఉంటే గుర్తు పెట్టుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. అన్నీ మురికి మీదికి తోసేయకండి. ఫెయిల్ రికార్డు తీసి ఏ నెట్‌లు (బోర్డులోని కనెక్షన్లు) ఫెయిల్ అవుతున్నాయో చూడండి. షిఫ్ట్ గడిచేకొద్దీ అన్ని చోట్లా పెరుగుతూ, బ్రష్ చేయగానే తగ్గితే అది మురికే. ఎప్పుడూ అవే రెండు మూడు పిన్నులైతే ఆ పిన్నో, సాకెట్టో, కింది వైరో చెడింది. బోర్డులో ఒక మూల నెట్‌లే పోతుంటే బోర్డు సమంగా కూర్చోవడం లేదు. దానికి మంచి సాక్ష్యం బోర్డు మీదే ఉంటుంది. టెస్ట్ ప్యాడ్‌ను, అంటే పిన్ను తగిలే చోటును, భూతద్దంలో చూడండి. మొన గుచ్చిన చిన్న గుంట ప్యాడ్ మధ్యలో ఉండాలి. అంచుకు జరిగిందంటే బోర్డును సరిగ్గా నిలబెట్టే గైడ్ పిన్నులు అరిగాయి. గుంట మరీ లేతగా ఉంటే పిన్ను చాలినంత నొక్కుకోవడం లేదు. స్ప్రింగు పూర్తి కదలికలో మూడింట రెండు వంతుల దగ్గర పనిచేసేలా ఈ పిన్నుల్ని తయారు చేస్తారు. ఎక్కువగా వాడే రకంలో పూర్తి కదలిక 6.35 మిల్లీమీటర్లు, పనిచేయాల్సింది సుమారు 4.2 దగ్గర. అంతకు బాగా తగ్గితే ఒత్తిడి చాలదు, చివరిదాకా నొక్కేస్తే స్ప్రింగు త్వరగా చస్తుంది.

ఎన్నాళ్లకోసారి అన్నారు. క్యాలెండర్‌ను బట్టి కాదు, బోర్డుల లెక్కను బట్టి. ఇప్పటికి షిఫ్ట్ మొదట్లో ఒకసారి బ్రష్ చేయడం మొదలుపెట్టండి. ఆ షిఫ్ట్‌లో ఎన్ని బోర్డులు పెట్టారు, ఎన్ని మొదటిసారి ఫెయిల్ అయి రెండోసారి పాసయ్యాయి, రెండూ ఒక పుస్తకంలో రాయండి. కొన్ని షిఫ్ట్‌లు రాస్తే ఎన్ని బోర్డుల తర్వాత ఫెయిళ్లు లేస్తున్నాయో మీకే కనపడుతుంది. దానికి ముందే బ్రష్ చేయాలి. పిన్ను కేటలాగులో పది లక్షల సార్లు అని రాసి ఉంటుంది, అది శుభ్రమైన చోట, పక్క ఒత్తిడి లేకుండా చూసిన యాంత్రిక ఆయుష్షు. ఫ్లక్స్ బోర్డుల మీద అంత రాదు. ఎమెరీ తగిలిన మీ పిన్నులకైతే అసలు రాదు. వాటిని మొత్తంగా మార్చి కొత్త లెక్క మొదలుపెట్టమని నా సలహా. కొత్తవి తెప్పించేటప్పుడు మొన రకం కూడా చూడండి. పైకి చూస్తూ నిలబడిన కిరీటం మొనల పళ్ల మధ్య ఫ్లక్స్ నిండుతుంది. చదునైన సోల్డర్ ప్యాడ్‌ల మీద ఈటె మొనగానీ ఉలి మొనగానీ పొరను బాగా చీలుస్తుంది. కిరీటం మొనలు కాంపొనెంట్ల కాళ్లు పొడుచుకొచ్చిన చోట ఉండనివ్వండి.

ఫ్లక్స్ ఎక్కడి నుంచి ఇంత వస్తోందో కూడా అడగండి. వేవ్ సోల్డరింగ్ (బోర్డు అడుగును కరిగిన సోల్డర్ అల మీదుగా పోనిచ్చే పద్ధతి) దగ్గర ఫ్లక్స్ స్ప్రే ఎక్కువై, దానికి ముందు వేడిచేసే ప్రీహీట్ తక్కువైతే బోర్డు అడుగున ఫ్లక్స్ ఆరకుండా జిగురుగా మిగులుతుంది. సోల్డర్‌ను చేత్తో సరిదిద్దే టచప్ దగ్గర పూసే ఫ్లక్స్‌కైతే హద్దే ఉండదు. టెస్ట్ ప్యాడ్ మీద వేలు పెడితే అంటుకుంటోందా? అయితే అసలు మరమ్మతు మీ బెంచీ దగ్గర కాదు, అక్కడ జరగాలి.

ఇక మీ సూపర్‌వైజర్ గారి వీడియో. ఆయన చూసింది నిజమే. చిప్‌లు ఇంకా పెద్ద బిళ్లగా ఉన్నప్పుడు వాటిని పరీక్షించే సూదులు చాలాచోట్ల టంగ్‌స్టన్, రీనియం కలిసిన గట్టి లోహంతో చేస్తారు. మీద పూత ఉండదు, పైనుంచి లోపలిదాకా ఒకటే లోహం. అవి అల్యూమినియం ప్యాడ్‌లను గీకుతాయి కాబట్టి మొనలకు అల్యూమినియం ఆక్సైడ్ పడుతుంది. దాన్ని తీయడానికి అతి సన్నటి రాపిడి ఫిల్మ్ మీద యంత్రమే ఆ సూదుల్ని లెక్క ప్రకారం, మైక్రాన్ల కొలతతో తాకిస్తుంది. అలా తాకించిన ప్రతిసారీ సూది అరుగుతుందని వాళ్లకు తెలుసు, ఆ అరుగుదలను కూడా ఆయుష్షులో కలిపి లెక్క వేసుకుంటారు. మీ బంగారు పూత పిన్నుకు, చేత్తో పట్టిన 400 నంబరు కాగితానికి ఆ పద్ధతి వర్తించదు.

ఇది ఆయనకు చెప్పేటప్పుడు తప్పుపడుతున్నట్టు చెప్పకండి. రుద్దగానే పాస్ అవడం ఆయన కళ్లారా చూశారు, పైనుంచి టార్గెట్ ఒత్తిడీ ఆయన మీదే ఉంటుంది. టచప్ దగ్గర ఉండే మైక్రోస్కోప్ కింద రుద్దిన పిన్నొకటి, కొత్త పిన్నొకటి పక్కపక్కన పెట్టి చూపించండి. తర్వాత ఒకే ఒక 10 ఓమ్‌ల రెసిస్టర్‌ను ఎంచుకుని దానికి తగిలే రెండు పిన్నులూ కొత్తవి వేయండి. ఆ రీడింగ్ రోజంతా రాసి ఆయన ముందు పెట్టండి.

ఆయనతో తప్పక మాట్లాడాల్సింది ఇంకొకటి ఉంది. నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది ఇదే. ఫెయిల్ అయితే పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ పెట్టే అలవాటు ప్రమాదం. సోల్డర్ సరిగ్గా పట్టని కాలు ఒకటి ఉందనుకోండి. ఒక పిన్ను నొక్కుడు దాదాపు 200 గ్రాముల దాకా ఉంటుంది. ఆ నొక్కుడుకి ఆ కాలు ప్యాడ్‌కు తగిలి మూడోసారి పాస్ అవుతుంది. టెస్టర్ ఇచ్చిన పాస్ స్టిక్కర్‌తో ఆ బోర్డు స్తంభం ఎక్కుతుంది. ఎండకీ చలికీ వ్యాకోచించి సంకోచించి, కొన్నాళ్లకు ఆ వీధిలో దీపం ఆరిపోతుంది. ఒకసారి మాత్రమే రీటెస్ట్, అదీ పిన్నులు బ్రష్ చేశాక. అప్పుడూ ఫెయిలైతే మనిషి కళ్లతో చూడాల్సిందే. పిన్నులు శుభ్రంగా ఉంటేనే ఈ నియమం పెట్టగలరు, లేకపోతే మధ్యాహ్నానికి సగం బోర్డులు పక్కన పేరుకుపోతాయి.

తమ్ముడి మల్టీమీటర్ ప్రోబ్‌లలో స్ప్రింగు, గొట్టం ఏమీ ఉండవు కాబట్టి అంత జాగ్రత్త అక్కర్లేదు. ఐపీఏ తడిపిన గుడ్డతో మొన తుడిస్తే సరిపోతుంది. బంగారు పూత ఉన్న సన్నటి సూది ప్రోబ్‌లైతే వాటినీ గీకొద్దని చెప్పండి. రెండు మొనలూ కలిపి ఓమ్‌లలో చూడమనండి. మంచి లీడులు 0.1 నుంచి 0.3 ఓమ్ దాకా చూపించి నిలకడగా ఉంటాయి. అంకె ఎగురుతుంటే మొనలు తుడిచి, మీటరులో గుచ్చే చివరలు తుడిచి మళ్లీ చూడాలి. అప్పుడూ ఎగిరితే మొన దగ్గర, ప్లగ్ దగ్గర వైరును వంచుతూ చూడమనండి. వంచినప్పుడు అంకె మారితే లోపల తీగలు తెగాయి, ఏ శుభ్రతా దాన్ని బాగుచేయదు. మొబైల్ బోర్డు మీద అది తప్పు రీడింగ్ ఇస్తుంది, అంతే. కానీ అవే ప్రోబ్‌లతో చార్జర్ లోపలి 230 వోల్టులు కూడా చూస్తుంటాడు కదా. వైరు తొడుగు పగిలినా, ప్రోబ్ పిడి చిట్లినా టేపు చుట్టి వాడొద్దని గట్టిగా చెప్పండి. ఆ లీడును కత్తిరించి పారేసి, మీటరుకు తగిన క్యాట్ రేటింగ్ (విద్యుత్ భద్రత స్థాయిని చెప్పే గుర్తు) ఉన్న కొత్త జత కొనుక్కోమనండి.